నలభైమూడు గ్లాసుల్లో నా చావు

నేను చనిపోయానని ఆ యంత్రం ప్రకటించినప్పుడు నేను దానికి మూడడుగుల దూరంలో నిలబడి మరమరాల మిక్చరు తింటున్నాను.

"మృతుడు: రంగస్థల గర్జనకేసరి అంగర వీరభద్రం. కారణం: గాజుజ్వరం. ధ్రువీకరించడమైనది" అంది యంత్రం. ఆడగొంతు. వినడానికి ఇంపుగానే ఉంది గానీ, నా బిరుదు పలికిన తీరులో గర్జనా లేదు, కేసరీ లేదు.

హాల్లో ఉన్న ఆరువందలమందీ నావైపు తిరిగారు. నోట్లో ఉన్న పల్లీ నిదానంగా నమిలి మింగి, "ఎప్పుడూ?" అన్నాను. ఆ ఒక్క మాటకి పైకప్పు మీది పావురాలన్నీ లేచి సముద్రం మీదికి ఎగిరిపోయాయి. మూడు రోజులదాకా తిరిగి రాలేదు. అబద్ధమైతే పావురాల్నే అడగండి.

మా మెట్టరేవు చూడనివాళ్ళకి కొంచెం చెప్పాలి. సముద్రం పాత ఊరిని మింగేశాక, దాని నెత్తిమీద ఇనుప స్తంభాలు పాతి కట్టిన నగరం మాది. కింద అలలు, పైన ట్రాములు. ఇక్కడ చెట్లు లేవు. క్రేన్ల నీడలే మాకు చెట్ల నీడలు. ఆ క్రేన్ల కింద, రేవు కూలీల క్వార్టర్లలో, అరవయ్యేళ్ళు పద్యనాటకాలు ఆడినవాణ్ణి నేను. రాక్షసవేషంలో నేను నవ్వితే రేవులో ఓడలు లంగరు తెంచుకునేవి. నాటకాలు పోయాక పరిహార భవనంలో పేర్లు పిలిచే పనికి పెట్టుకున్నారు. అక్కడ లౌడ్‌స్పీకర్లు లేక కాదు, నా ముందు అవి ఆనక.

రెండేళ్ళ కిందట గాజుజ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో గాజుపెంకులు పోసి కలిపినట్టు దగ్గు. ఎనిమిది నెలల్లో క్వార్టర్లలో ఇంటికొకరు చొప్పున పోయారు. ఆస్పత్రులవాళ్ళు మాత్రం సర్టిఫికెట్ల మీద ఒకటే మాట రాశారు: గుండె ఆగి మరణం. గుండె ఆగకుండా చచ్చినవాణ్ణి ఎవణ్ణయినా చూపించండి, నేను వాడి కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను!

ఆ తర్వాత ప్రభుత్వానికి దయ కలిగింది. జ్వరంతో పోయినవాళ్ళ కుటుంబాలకి పరిహారం ఇస్తాం, మృతుల జాబితాలో పేరుంటే ఉన్న క్వార్టరులోంచి వెళ్ళగొట్టం అని ఉత్తర్వు వేసింది. కాకపోతే జ్వరంతోనే పోయారని రుజువు కావాలి. ఆ మనిషి వాడిన వస్తువేదైనా తెమ్మన్నారు. వస్తువులెక్కడివి? జ్వరం రోజుల్లో ఇదే ప్రభుత్వం వీధివీధికీ మైకులు తిప్పి, పోయినవాళ్ళ బట్టలు, దిండ్లు, దువ్వెనలు, చెప్పులు సమస్తం కాల్చెయ్యమంది. మేం బుద్ధిగా డ్రమ్ముల్లో వేసి కాల్చేశాం. కాల్చమన్నవాడే వచ్చి బూడిదలో రుజువు వెతుక్కోమంటే ఏం చెయ్యాలి?

కాలనివి ఒక్క స్టీలు సామాన్లే.

డాక్టర్ కొమ్ము సువార్త బుర్రలో మెరిసింది అదే. ఆవిడ మా రేవు కాలేజీలోనే చదివి, అక్కడే లాబొరేటరీ పెట్టుకున్న సైంటిస్టు. పొట్టి మనిషి, పొడుగు మాటలు చెప్పదు. ఆవిడ కట్టిన యంత్రం పేరు 'ఊపిరిజాడ'. కుట్టుమిషనంత ఉంటుంది. మధ్యలో ఒక పీట, ఆ పీట మీద గ్లాసు పెట్టాలి.

అది ఎలా పనిచేస్తుందో ఆవిడ గవరమ్మకి చెబుతుంటే నేను పక్కనే ఉండి విన్నాను. గవరమ్మ మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు కొడుతుంది. చేతిలో చిన్న మిషను, తుమ్మెదలా రొద పెడుతూ చుక్కచుక్కగా అక్షరాలు దింపుతుంది.

"రెండేళ్ళనుంచీ ఆ గ్లాసు కడుగుతానే ఉన్నానమ్మా. ఇంకా దాంట్లో ఏటుంటది?" అంది గవరమ్మ.

"ఒక్క అక్షరానికి ఎన్ని చుక్కలు పడతాయి?" అని అడిగింది డాక్టరు.

"పదిహేనో ఇరవయ్యో. 'క్ష' అయితే ముప్ఫై."

"చుక్క చుక్కా ఒక చిన్న గుంట. నువ్వు తోమే పీచు దాని అంచుదాకా పోతుంది గానీ అడుక్కి దిగదు. మనిషి గ్లాసెత్తి తాగుతున్నప్పుడు ఊపిరి తడి ఆ గుంటల్లో చేరుతుంది. వేడి టీ ఆ తడిని అక్కడే ఆరబెడుతుంది. వైరస్ చచ్చిపోతుంది, దాని ప్రోటీన్ తొక్క మాత్రం అతుక్కుని ఉండిపోతుంది. నా లేజర్ ఓ యాభై గుంటల్లోకి దిగి ఆ తొక్కని ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి చదివితే గాజుజ్వరమా కాదా తేలిపోతుంది."

గవరమ్మ గ్లాసుని రెండు చేతుల్లోకి తీసుకుంది. "అయితే మావోడి ఊపిరి ఇందులో ఉందన్నమాట."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "జాడ ఉంది" అంది.

గవరమ్మ మొగుడు సింహాద్రి క్రేన్ డ్రైవరు. జ్వరం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆక్సిజన్ సిలిండర్ల ఓడొకటి వచ్చి రేవులో నిలబడిపోయింది. దింపే నాథుడు లేడు, అందరూ పారిపోయారు. సింహాద్రి ఒక్కడే క్రేనెక్కి రెండు పగళ్ళూ రెండు రాత్రుళ్ళూ దింపాడు. వాడికి నిద్ర రాకుండా కిందనుంచి పద్యాలందుకున్నది నేనే. సగం సిలిండర్లు నా రాగానికే దిగాయని చెప్పుకుంటాను, చెప్పుకుంటూనే ఉంటాను. కానీ దగ్గుతూ నిచ్చెన దిగింది మాత్రం వాడొక్కడే. ఆరో రోజున పోయాడు. సర్టిఫికెట్టు మీద గుండె ఆగింది అని రాశారు. పైగా రేవు ఆఫీసువాళ్ళు తాగుడు అలవాటుండేదని నోటిమాటగా చేర్చారు. టీ తప్ప ఇంకోటి ముట్టని మనిషి వాడు!

జాబితా మూసేది నేను మిక్చరు తింటున్న ఆ రోజే, సాయంత్రం అయిదు గంటలకి. సింహాద్రి పేరు అందులో చేరకపోతే తెల్లారి గవరమ్మ, ఇద్దరు ఆడపిల్లలు క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నేను మొదట పిలిచిన పేరు ఆవిడదే. ఆవిడ గ్లాసు పెట్టింది, యంత్రం చదివింది, నేను చచ్చిపోయాను.

అదెలాగంటారా? ఆ తప్పు డాక్టరు యంత్రానిది కాదు. దొంగ గ్లాసులు తెస్తారని పరిహార శాఖవాళ్ళు దానికి ఓ కెమెరా తగిలించారు. గ్లాసు మీద ఎవరి పేరు కొట్టి ఉంటే వాడే మృతుడు. అది పెట్టించినది జాయింట్ కమిషనర్ నిరంజన్. పాపం, చెడ్డవాడు కాదు. అయిదో ఏటనుంచీ హాస్టళ్ళలో పెరిగాడు. హాస్టల్లో ఎవడి కంచం మీద వాడి పేరే ఉంటుంది. ప్రపంచమంతా అంతేననుకున్నాడు.

మన ఇళ్ళలో అలా ఎక్కడుందండీ? మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. ఒక్క గ్లాసు మీదయినా మీ పేరుందేమో చూడండి. పెద్దమ్మ పేరుంటుంది, పెళ్ళికి రాని పినమామ పేరుంటుంది, ఎవరో ఎప్పటికీ తేలని ఓ సుబ్బాయమ్మ పేరుంటుంది. మన దగ్గర గ్లాసు మీద పేరు తాగేవాడిది కాదు, ఇచ్చినవాడిది!

ఇక క్వార్టర్లలో జరిగిన ప్రతి పెళ్ళికీ గ్లాసిచ్చినవాణ్ణి నేను. ఉత్త గ్లాసు కాదు. 'రంగస్థల గర్జనకేసరి అంగర వీరభద్రం గారి ఆశీస్సులతో' అని మూతి చుట్టూ ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు సగందాకా వచ్చేది. అన్నీ కొట్టింది గవరమ్మే. "చెయ్యి పీకేస్తోంది తాతా, ఆ బిరుదొక్కటి తగ్గించు" అని బతిమాలేది. "బిరుదు తగ్గిస్తే సన్మానం చేసినవాళ్ళు కుళ్ళి కుళ్ళి ఏడుస్తారమ్మా" అనేవాణ్ణి.

నిరంజన్ తెర మీద చూసి సంతోషంగా తలూపాడు. "బాగుంది. వీరభద్రం గారి తాలూకు ఎవరు?"

"నేనే" అన్నాను.

"ఆయనకి మీరేమవుతారు?"

"బతికున్నంతకాలం నేనే ఆయన."

హాలంతా గొల్లుమంది. నిరంజన్ నవ్వలేదు. "చూడండి, ఒకసారి ధ్రువీకరణ అయితే చెరపడానికి కంప్యూటర్ ఒప్పుకోదు. మీరు బతికే ఉన్నారని చూపించాలంటే పద్ధతి ఉంది. మీ పేరున్న గ్లాసు, మీరు తాగుతున్నది, జ్వరం జాడ లేనిది తీసుకురండి."

నా పేరున్న గ్లాసు నా ఇంట్లో ఎందుకుంటుంది? అన్నీ పంచేశాను కదా! నేను తాగేది మా అత్తగారు చుండూరి మహలక్ష్మమ్మ పేరున్న గ్లాసులో.

ఆ మాట చెప్పబోతుంటే వరుసలో వెనకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగుచాటునుంచి గ్లాసులు తీసి పైకెత్తారు. ఒకటి, రెండు, పది. కిటికీలోంచి పడిన ఎండకి స్టీలు తళతళలాడింది. అన్నిటిమీదా నేనే. లెక్కపెట్టాను. గవరమ్మదితో కలిపి నలభైమూడు. నాటకాల్లో నన్ను ఎన్నోసార్లు చంపారు గానీ, ఒకే మధ్యాహ్నం నలభైమూడుసార్లు చచ్చిన నటుడు భూమ్మీద ఇంకొకడు లేడు.

నిరంజన్ ముఖం పాలిపోయింది. "ఒక మృతుడికి ఒక పరిహారమే. మొదట వచ్చినామెకి మంజూరైంది. మిగతావి డూప్లికేట్లు. తిరస్కరించాలి." గవరమ్మవైపు ఒక కాగితం తోశాడు. "ఇదిగోనమ్మా, వీరభద్రం గారి కూతురినని సంతకం పెట్టండి. పరిహారం మీకొస్తుంది. క్వార్టరూ మీకే ఉంటుంది."

గవరమ్మ ఆ కాగితాన్ని కాసేపు చూసింది. నేను ఆవిడ చెవిలో గుసగుసగా, అంటే మొదటి నాలుగు వరుసలకి మాత్రమే వినపడేలా, "పెట్టెయ్యమ్మా, నాకేం అభ్యంతరం లేదు" అన్నాను.

"నాకుంది" అంది ఆవిడ. కాగితాన్ని వెనక్కి తోసింది. "బాబూ, మావోడు అంతమందికి ఊపిరి దింపి, ఆయనకి ఊపిరాడక పోయేడు. గుండె ఆగిందన్నారు, ఊరుకున్నాం. తాగుబోతన్నారు, దానికీ ఊరుకున్నాం. ఇప్పుడు ఆయన చావు కూడా ఆయనది కాదంటావేటి? డబ్బిచ్చి ఈ తాత చావు నాకు అమ్ముతావేటి? నాకొద్దు. సింహాద్రి పేరు రాయి. రాసి, వాళ్ళందరివీ రాయి. అప్పుడియ్యి."

"నియమం అమ్మా. కెమెరా ఏ పేరు చదివితే అదే."

ఇక్కడే నేను రంగప్రవేశం చేశాను. నిరంజన్ బల్ల కింద మధ్యాహ్నం భోజనం క్యారేజీ ఉంది. ఒక్క గంతులో అందుకున్నాను. నా వయసు డెబ్బై తొమ్మిది, ఆ గంతు వయసు పద్దెనిమిది. క్యారేజీని పీట మీద పెట్టి మీట నొక్కాను.

"వ్యక్తి: కొప్పర్తి భ్రమరాంబ. జ్వరం జాడ లేదు. సజీవం" అంది యంత్రం.

"ఎవరండీ ఈ భ్రమరాంబ గారు?" అన్నాను.

నిరంజన్ నెత్తి గీరుకున్నాడు. "మా అత్తగారు."

"చిత్తం. కమిషనర్ గారి అత్తగారు రోజూ ఈ భవనానికి వచ్చి, ఈ కుర్చీలో కూర్చుని, వంకాయ కూరతో భోంచేస్తున్నారు. మీరెవరు నాయనా? మీ జాడ ఏ గిన్నెలోనూ లేదే?"

ఆ నవ్వుకి హాలు కింద స్తంభాలు ఊగాయి. నిరంజన్ ఆ నవ్వులు ఆగేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు: "తాతగారూ, తప్పు నాకు అర్థమైంది. కానీ కెమెరాని మార్చాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి. అయిదింటికల్లా రాదు. నేను చెయ్యగలిగింది ఒక్కటే. ఒక్కొక్కరికీ ఒక అప్పీలు ఉంది. గ్లాసు ఇంకోసారి పెట్టొచ్చు." గోడ గడియారంకేసి చూశాడు. రెండున్నర. "ఇంకా భోంచెయ్యలేదు నేను. గంటన్నర పడుతుంది." క్యారేజీ తీసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

గవరమ్మ డాక్టర్ సువార్తవైపు తిరిగింది. "అమ్మా, మా కొట్టుకి పాత గ్లాసులు వస్తాయి. పాత పేరు మీద అడ్డంగా గీత కొట్టేసి, కింద కొత్త పేరు కొడతాం. అలాంటి గ్లాసు పెడితే ఆ కెమెరా ఏ పేరు చదువుతాది?"

"కొట్టేసిన పేరుని వదిలేస్తుంది. ఉన్న పేరే చదువుతుంది" అంది డాక్టరు. అని, ఒక్కసారి తలెత్తింది. "జాడ మాత్రం పాత పేరు గుంటల్లోనే ఉంటుంది. దాన్ని లేజర్ వెతుక్కుంటుంది. గీత పడినచోట కొన్ని గుంటలు పోతాయి... మామూలు పేరయితే చాలకపోను." నావైపు చూసింది. "కానీ తాతగారి పేరు చాలా పొడుగు. అయిదొందల గుంటలుంటాయి. గీత పోగా బోలెడు మిగుల్తాయి."

"ఇది మోసం కాదా డాక్టరుగారూ?" అని అడిగింది వెనకనుంచి ఒకావిడ.

"ఏది మోసం? తాగినవాడి పేరు తాగిన గ్లాసు మీద రాస్తున్నాం. ఇన్నాళ్ళూ దాని మీదున్నదే అబద్ధం" అంది డాక్టర్ సువార్త.

అబద్ధమట! నా ఆశీస్సులు! ఆవిడ మీద విరుచుకుపడేవాణ్ణే. కానీ గవరమ్మ అప్పటికే సంచీలోంచి పేర్ల మిషను తీసింది. తీసి, నొక్కకుండా నిలబడింది.

"తాతా. నీ పేరు."

నేను వేషం కట్టిన రాజులు ఎన్ని రాజ్యాలు పోగొట్టుకున్నారో! ప్రతిసారీ కిరీటం తీసి జనం ఏడ్చేదాకా పద్యం పాడేవాణ్ణి. ఆ రోజు ఒక్క పద్యమూ రాలేదు. నా పిల్లలూ, నా ఆస్తీ, నా నాటకాలూ అన్నీ కలిపి ఆ గ్లాసుల మీద ఉన్న ఆ ఒకటిన్నర చుట్టే. నేను పోయాక ఎవడో టీ తాగుతూ మూతి చుట్టూ వేలు తిప్పి 'ఎవడ్రా ఈ గర్జనకేసరి' అంటాడని, అది చాలని ఉండేది.

"సింహాద్రి పేరు ఎక్కడ పడుతుందమ్మా?" అన్నాను.

"నీ పేరు కింద."

"అక్షరాలు పెద్దవిగా కొట్టు. నా పేరు మీద గీత మాత్రం తిన్నగా రావాలి, వంకర పోతే ఊరుకోను. కొట్టెయ్యి."

మిషను రొద మొదలైంది. అంత రొదనీ మించి నేను పేర్లు పిలిచాను. 'బోని అప్పన్న!' అని పిలిస్తే అతని తల్లి వచ్చింది. 'మైలపల్లి నూకరాజు!' అంటే నూకరాజు పెళ్ళాం వచ్చింది. ఒక్కొక్క పేరుకీ ఒక గీత, ఆ గీత కింద ఒక మనిషి. ఇన్నాళ్ళూ భార్యల పేర్లూ తల్లుల పేర్లూ పిలిచిన నేను, ఆ రోజు మొదటిసారి పోయినవాళ్ళనే పిలిచాను. గవరమ్మ చెయ్యి వాచిపోయింది. నొప్పి అనలేదు. అందరివీ అయ్యాక చివర తన గ్లాసు తీసుకుంది.

నాలుగింటికి నిరంజన్ వచ్చాడు. గ్లాసుల మీద కొత్త చుక్కలు మెరుస్తున్నాయి, నేలంతా స్టీలు రజను. ఆయన ఆ రజను చూశాడు, గవరమ్మ చెయ్యి చూశాడు. "పేరు ఫలానా తారీకులోపల కొట్టించి ఉండాలని నియమం ఏమైనా ఉందా?" అని తన గుమాస్తానే అడిగాడు. గుమాస్తా పుస్తకం తిరగేసి, "అలాంటి నియమం లేదు సార్" అన్నాడు. "అయితే పెట్టండి" అన్నాడు నిరంజన్.

"మృతుడు: పల్లా సింహాద్రి. కారణం: గాజుజ్వరం. ధ్రువీకరించడమైనది."

గవరమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. యంత్రం దగ్గరికి వంగి, "ఇంకోసారి చెప్పు" అంది.

అయిదుకి రెండు నిమిషాలుందనగా నలభైమూడో పేరు ఎక్కింది. తర్వాత ఎవరో వచ్చి మా క్వార్టర్ల జాబితా గోడకి అంటించారు. నలభైనాలుగు పేర్లున్నాయి. మొట్టమొదటి పేరు, బిరుదుతో సహా, నాది.

దాన్ని చెరిపించుకోవచ్చు. గవరమ్మ కొత్త గ్లాసు మీద నా పేరు కొట్టి ఇస్తానంది. ఓ నెల రోజులు దాంట్లో తాగి, యంత్రం ముందు పెడితే బతుకుతాను. కానీ నిరంజన్ నన్ను పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాడు. నా చావు రద్దు కావాలంటే ఆ రోజు ఫైలు మళ్ళీ తెరవాలి. తెరిస్తే ఒకే గ్లాసులో ఇద్దరెలా పోయారని పైవాళ్ళు అడుగుతారు. ఆ వెనకే మిగతా నలభైరెండూ బయటికొస్తాయి.

"అయితే నేను పోయినట్టే ఉండనీ బాబూ" అన్నాను. "ఇంతవరకూ నాకు దక్కిన వేషాలన్నిటిలో ఇదే పెద్దది. రోజూ ఆడాలి, తెర పడదు."

పోయినవాడికి జీతం లేదు, రేషను లేదు, ట్రాము పాసు లేదు. నాకేం లోటు? వంతులవారీగా నలభైమూడు ఇళ్ళు ఉన్నాయి. చచ్చాక ఇంత బాగా తిన్నవాడు మూడు లోకాల్లోనూ లేడు.

నిన్న గవరమ్మ ఇంటి వంతు. ఆవిడ టీ పోసింది సింహాద్రి గ్లాసులో. వాడు పోయాక ఆ గ్లాసు ఎవరూ పెదవులకి తాకించలేదు. నేను తటపటాయించాను.

"ఏటి తాతా?"

"ఇందులో నేను తాగితే, కొత్తగా కొట్టిన నీ మొగుడి పేరు గుంటల్లో నా ఊపిరి చేరుతుంది. జ్వరం లేని ఊపిరి. రేపెవరైనా దీన్ని యంత్రం మీద పెట్టి ఆ పేరు గుంటలే చదివించారనుకో. సింహాద్రి సజీవం అంటుంది."

గవరమ్మ గుమ్మంలో ఆడుకుంటున్న పిల్లలకేసి చూసింది.

"అననీ" అంది. "ఒక్కసారి అననీ. చల్లారకముందే తాగు."